పాత కారు కొనేముందు నేను చూసినవి, చూడనివి

ఉదయం ఏడింటికి వస్తానని, అప్పటిదాకా బండి స్టార్ట్ చేయొద్దని ముందురోజు ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పాను. వెళ్లి, మాటల మధ్యలో బానెట్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. ఎండ ఇంకా అక్కడిదాకా రాలేదు. ఓనరు నా చేతినే చూస్తున్నాడు. "కడిగించడానికి బయటికి తీశానండీ, పక్క వీధికే" అన్నాడు. బండి మీద దుమ్ము మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

పాత ఇంజిను ఏదైనా దాచిపెట్టాలనుకుంటే వేడెక్కాకే దాచిపెట్టగలదు. రాత్రంతా కదలకుండా నిలబడ్డ బండిలో ఆయిలంతా కిందికి, ఇంజిను అడుగునున్న సంపులోకి దిగిపోయి ఉంటుంది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టినప్పుడు మొదటి రెండు మూడు సెకన్లు పైభాగాలకు ఆయిల్ సరిగా అందదు. వాల్వుల్ని సమయానికి తెరిపించి మూయించే గొలుసు, టైమింగ్ చెయిన్, వదులైతే అప్పుడే గలగలమంటుంది. వాల్వుల దగ్గర ఆయిల్ కారకుండా ఆపే సీల్స్ గట్టిపడిపోయి ఉంటే, రాత్రి సిలిండర్లోకి కారిన చుక్కలు అప్పుడే నీలం పొగై సైలెన్సర్లోంచి బయటికొస్తాయి. పది నిమిషాలు తిరిగొచ్చిన బండిలో ఇవి పట్టుకోవడం కష్టం.

ఇదంతా నాకు ముందునుంచీ తెలిసిన విద్య కాదు. మొదటి కారు కొన్నప్పుడు నేను చూసినవి మూడే మూడు: రంగు, సీట్లు, స్పీకర్లు. మూడో నెలలో ఒక మధ్యాహ్నం టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. నేను ఇంకో రెండు కిలోమీటర్లు అలాగే లాగించాను, ఇంటికి దగ్గరే కదా అని. ఇంజిను పైభాగానికీ (దాన్నే హెడ్డు అంటారు) కింది బ్లాకుకీ మధ్య సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్డు వంగింది. బిల్లు చూశాక ఆ కారుని రెండోసారి కొన్నట్టే అనిపించింది. అప్పుడు దాన్ని విప్పి బిగించిన మెకానిక్ అన్నే, "ఈసారి కొనేటప్పుడు కారు చూడకముందే నన్ను పిలువు తమ్ముడూ, చూశాక కాదు" అన్నాడు.

పిలిచాను. ఆయన పెట్టిన షరతు ఒకటే: చూడటం పూర్తయ్యేదాకా ఓనరు ముందు 'బాగుంది' అనే మాట నా నోట రాకూడదు.

ఆ వెచ్చటి బానెట్ దగ్గర ఆయనేమీ గొడవ పెట్టుకోలేదు. "సరేనండీ, ఇంకోరోజు వస్తాం" అని నన్ను లాక్కొచ్చేశాడు. రెండు రోజులు ఆగి, ఫోన్ చేయకుండా, ఆరున్నరకే వెళ్లాం. ఈసారి బానెట్ మంచులా ఉంది. నన్ను సెల్ఫ్ కొట్టమని తను వెనక్కెళ్లి నిలబడ్డాడు. ఇంజిను అంటుకోగానే డబ్బాలో మేకులు వేసి కుదిపినట్టు చప్పుడు, నాలుగు సెకన్లు. అద్దంలో చూస్తే ఆయన నడుము దాకా నీలం పొగ.

పొగ రంగుల సంగతి ఆ రోజే వివరంగా చెప్పాడు. నీలం అంటే ఆయిల్ కాలుతోంది. నలుపు అంటే పెట్రోలో డీజిలో కావలసినదానికంటే ఎక్కువ పడుతోంది, లేదా గాలి అందడం లేదు. తెలుపుతోనే తికమక. చలి ఉదయాన సన్నటి తెల్ల ఆవిరి ఏ బండికైనా వస్తుంది, అది సైలెన్సర్లో చేరిన చెమ్మ, కాసేపటికి ఆగిపోతుంది. బండి వేడెక్కాక కూడా చిక్కటి తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే ఇంజినుని చల్లబరిచే కూలెంట్ కాలుతోందని అనుమానించాలి. నీలంలోనూ రకాలున్నాయి. స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే గుప్పుమని ఆగిపోతే చాలాసార్లు వాల్వు సీల్స్. ఎక్సలేటర్ తొక్కి లాగుతున్నంతసేపూ వస్తుంటే పిస్టన్ల చుట్టూ ఉండే రింగుల మీదికి అనుమానం పోవాలి.

తర్వాత ఇంజిను ఆడుతుండగానే ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి, ఆ కన్నం మీదే వదులుగా పెట్టాడు. బాగున్న ఇంజినులో ఆ మూత కొంచెం అదిరి ఊరుకుంటుందట. ఇక్కడ అన్నం కుండ మీద మూతలా ఎగిరెగిరి పడింది, పక్కనుంచి ఆవిరి. రింగులు అరిగి, సిలిండర్లో ఉండాల్సిన ఒత్తిడి కిందికి జారిపోతోంది. "బోరుకొచ్చింది" అని నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. ఓనరుతో మాత్రం "ఆలోచించుకుని చెప్తామండీ" అన్నాడు. నిజానికి నాకు ఆ కారు ఇంజిను కంటే ఆ దుమ్మే ఎక్కువ గుర్తుంది. అరిగిన ఇంజినుని ధరలో సర్దుకోవచ్చేమో గానీ, కడిగించానని చెప్పిన దుమ్ముని ఎందులో సర్దుకోవాలి?

రెండో కారు ఒక డీలరు దగ్గర. చూడగానే మనసు పారేసుకున్నాను, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అద్దంలా మెరుస్తోంది, రీడింగు 38,000 కిలోమీటర్లు, తలుపు తీస్తే మంచి సెంటు వాసన. మెకానిక్ అన్నకి మాత్రం ఆ వాసనే నచ్చలేదు. "సెంటు కొట్టారంటే దాని కింద ఇంకో వాసన ఉంది" అంటూ తలుపులన్నీ మూసి, అద్దాలెక్కించి, లోపల ఇద్దరం రెండు నిమిషాలు ఊరికే కూర్చున్నాం. ఏసీ వేయనివ్వలేదు. మెల్లగా తెలిసింది. తడిసి ఆరని గోనెసంచి వాసన.

మొదట రీడింగు లెక్క చూశాం. బ్రేకు, క్లచ్ పెడల్స్ మీద రబ్బర్లు సరికొత్తవి. 38,000 తిరిగిన బండికి ఆ రబ్బర్లు మార్చాల్సిన అవసరం రాదు. స్టీరింగు మీద కొత్త కవరు తొడిగి ఉంది, దాని అంచు కాస్త పక్కకి లాగి చూస్తే కింద తోలు నున్నగా అరిగి మెరుస్తోంది. డ్రైవరు సీటు బయటివైపు అంచు, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు తొడ రాసుకునే చోటు, నలిగి కుంగిపోయి ఉంది. టైర్ల విషయంలో మాత్రం నేను తొందరపడ్డాను. టైరు పక్కన నంబర్ల చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఈ బండి టైర్లు నాలుగూ బండి కంటే ఆరేళ్లు కొత్తవి. దొరికాడు దొంగ అనుకున్నాను. అన్న తల అడ్డంగా ఊపాడు. టైరు తిరక్కపోయినా వయసుతో గట్టిపడి పగుళ్లిస్తుంది, తక్కువ తిరిగిన బండికి కూడా మార్చాల్సి వస్తుంది, కాబట్టి అదొక్కటే సాక్ష్యం కాదు అన్నాడు. రబ్బరు, తోలు, సీటు మూడూ ఒకే మాట చెబుతున్నాయి, అది సాక్ష్యం.

ఆ తర్వాత సీటు బెల్టు. ఇది ఎవరూ నాకు ఇంతకుముందు చెప్పలేదు. మామూలుగా మనం లాగి పెట్టుకునేంత మేర బెల్టు శుభ్రంగా, కొత్తదానిలా ఉంది. "ఇంకా లాగు" అన్నాడు. స్పూలు చివరిదాకా, ఇక రానంటూ టక్కుమని ఆగేదాకా లాగాను. చివరి రెండు జానల మేర నల్ల బెల్టు బూడిదరంగులోకి తిరిగింది. అడ్డంగా ఒక గీత, ఒండ్రునీళ్లు నిలిచి ఆరిపోయిన గుర్తు. గోరుతో గీకితే సన్నటి మట్టి రాలింది. బెల్టు చుట్ట ఉండేది తలుపుల మధ్య పిల్లరు అడుగున. అక్కడిదాకా నీళ్లొస్తే చుట్ట మొత్తం నానుతుంది. కడిగేవాళ్లు పైకి కనిపించే బెల్టు కడుగుతారు, చివరిదాకా లాగి కడగాలని చాలామందికి తోచదు.

టార్చి వేసి సీటు కింద చూశాం. సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాల బోల్టుల తలలు తుప్పు పట్టి ఉన్నాయి. కార్పెట్ అంచు లేపి కింద స్పాంజి నొక్కితే వేలికి చెమ్మ. డీలరు వెంటనే "ఏసీ నీళ్లు పడుంటాయి సార్" అన్నాడు. అది పూర్తిగా అబద్ధమని కొట్టిపారేయలేం. ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోతే ముందువైపు కాళ్ల దగ్గర కార్పెట్ తడవడం మామూలే. కానీ ఏసీ నీళ్లు వెనక సీటు కిందికి, డిక్కీలో స్టెప్నీ గుంటలోకి మట్టి మోసుకురావు. అక్కడ స్టెప్నీ ఎత్తితే కింద ఒండ్రు పొర ఎండి పగిలి ఉంది.

నీళ్లలో మునిగిన బండి కొన్న రోజు బాగానే నడుస్తుంది, అదే దాని మోసం. సీట్ల కిందా డాష్‌బోర్డు వెనకా ఉండే వైర్ల కనెక్టర్లలో చిలుము మెల్లగా పెరుగుతుంది. నెలల తర్వాత ఒకరోజు పవర్ విండో ఆగుతుంది, ఇంకోరోజు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, ఒక్కో రిపేరూ ఇంకోదాన్ని బయటికి లాగుతుంది. నేను డీలరుతో వాదించబోయాను. అన్న భుజం తట్టి బయటికి తీసుకొచ్చాడు. "వాదించి గెలిస్తే ఏం చేస్తావ్, కొంటావా?"

మధ్యలో ఇంకో రెండు చూశాం, వాటి గురించి చెప్పడానికేం లేదు. ఒకదాని ఓనరు నా ముందే ఇంకొకరికి అమ్మేశాడు. ఇంకోదానికి బానెట్ తీయగానే ఛాసిస్ నంబరు ఉండాల్సిన చోట చుట్టూ లేని కొత్త పెయింటు కనిపించింది. ఆ 17 అక్షరాలు కాగితాలతో పోల్చి చూడాల్సిన పని కూడా పెట్టుకోకుండా వచ్చేశాం.

మూడో కారు అనదగ్గది, చివరికి నేను కొన్నది, ఫొటోలో అస్సలు బాగోలేదు. పన్నెండేళ్ల పెట్రోలు బండి, రంగు వెలిసింది, వెనక బంపరు మీద గీతలు, రీడింగు 71,000. ఓనరు రిటైరైన పెద్దాయన, మొదటినుంచీ ఒక్కరే వాడారు. ఫోన్లోనే "బాబూ, ఎడమవైపు ముందు తలుపు మార్పించాను, ఒక మోటారు సైకిలు వచ్చి గుద్దింది, అద్దం కూడా పగిలింది. తర్వాత తెలిసి అడుగుతావేమోనని ముందే చెబుతున్నా" అన్నారు.

అలా చెప్పినంత మాత్రాన నమ్మేయాలని కాదు. చిన్న యాక్సిడెంటు చెప్పి పెద్దది దాచేవాళ్లూ ఉంటారు. అందుకని బండిని కూడా అడిగాం.

పెయింటు చూడటానికి మంచి సమయం పొద్దున్న ఏటవాలు వెలుతురు. ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని బండి పొడవునా కంటిని ఆనించి చూస్తే పగటి వెలుగు అద్దంలో పడ్డట్టు పడుతుంది. ఎక్కడ ఆ ప్రతిబింబం వంకరపోతే అక్కడ టింకరింగు జరిగింది. ముందు తలుపు దగ్గర సన్నగా అల పోయినట్టు కనిపించింది. గుడ్డలో చుట్టిన అయస్కాంతం పెడితే అతుక్కుంది, అంటే కింద దిబ్బలా పుట్టీ పెట్టలేదు. బంపర్లు ప్లాస్టిక్, వాటికెలాగూ అతుక్కోదు. అన్న తెచ్చిన పెయింటు మందం కొలిచే మీటరు మిగతా బండి అంతా 110 నుంచి 140 మైక్రాన్లు చూపించింది. ఆ తలుపు మీద, దాని పక్కన ముందు చక్రం మీదుండే రేకు, ఫెండరు మీద 260 దాకా వెళ్లింది. ఇంకో కోటు వేశారు, అంతే. పుట్టీ దట్టంగా ఉంటే అంకె చాలాసార్లు ఐదొందలు దాటిపోతుందట.

అద్దాల మీద మూలల్లో కంపెనీ ముద్ర, తయారైన సంవత్సరం సూచించే అంకె ఉంటాయి. అన్ని అద్దాలదీ ఒకే సంవత్సరం, ఎడమ ముందు తలుపు అద్దం మాత్రం నాలుగేళ్లు కొత్తది. పెద్దాయన చెప్పిన కథే. అసలు చూడాల్సింది తలుపు కాదు, తలుపు వెనక ఉన్న పిల్లరు. దాని రబ్బరు బీడింగ్ ఊడదీసి చూశాం. ఫ్యాక్టరీలో వేసిన స్పాట్ వెల్డింగ్ చుక్కలు ఒకే ఎడంతో, గుండ్రంగా, కుదురుగా ఉన్నాయి. బానెట్ కింద రెండువైపులా అప్రాన్లు (చక్రాల లోపలివైపు ఉండే రేకులు), హెడ్‌లైట్లు బిగించే అడ్డపట్టీ, డిక్కీ అడుగు, ఎక్కడా ముడత లేదు. ఎడమ ఫెండరు బోల్టుల తలల మీద పెయింటు పెచ్చులూడి ఉంది, పానా పడిన గుర్తు. కుడివైపు బోల్టులు ఎవరూ తాకలేదు. తలుపో ఫెండరో మార్చడం బండికి చొక్కా మార్చడం లాంటిది. పిల్లరూ అప్రానూ దెబ్బతిని ఉంటే ఎముక విరిగినట్టు.

ఇక ఇంజిను. బానెట్ చల్లగా ఉంది, నేనొచ్చేముందు ముట్టుకోనే లేదని ఆయన అనకముందే చూశాను. డిప్‌స్టిక్ తీసి తెల్ల కాగితం మీద తుడిచాం. ఆయిల్ నల్లగా ఉంది గానీ చిక్కబడలేదు, వేళ్ల మధ్య ఇసుకలా తగల్లేదు. మూత లోపలివైపు మీగడలాంటి జిగురు లేదు. ఆ జిగురు కనిపిస్తే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయని అందరూ భయపెడతారు. ఎప్పుడూ దగ్గర దగ్గర ప్రయాణాలే చేసే బండిలో చెమ్మ చేరి కూడా అలా అవుతుంది, అది వేరే సంగతి. కూలెంట్ డబ్బాలో రంగు బాగానే ఉంది, పైన నూనె తెట్టు లేదు.

కానీ నా పాత గాయం ఊరుకోనివ్వలేదు. "హెడ్ గ్యాస్కెట్ ఖచ్చితంగా తెలుసుకునే దారి లేదా అన్నా?" అని ఒకటికి పదిసార్లు అడిగాను. చివరికి విసుక్కుని బండిని తన షెడ్డుకి తెమ్మన్నాడు. పెద్దాయన కాదనలేదు, తనే నడుపుకుంటూ వచ్చారు.

షెడ్డులో రేడియేటర్ చల్లారాక మూత తీసి (వేడిగా ఉన్నప్పుడు తీస్తే మరిగే నీళ్లు మొహాన కొడతాయి), కూలెంట్ కొంచెం తగ్గించి, ఆ మూతి మీద ఒక గాజు గొట్టం బిగించాడు. అందులో నీలం ద్రవం. ఇంజిను స్టార్ట్ చేసి, పైన రబ్బరు బుడ్డి నొక్కుతూ వదులుతూ ఉంటే రేడియేటర్లోని గాలి ఆ ద్రవంలోంచి బుడగలై పైకొస్తుంది. గ్యాస్కెట్ ఎక్కడైనా చిట్లి ఉంటే సిలిండర్లో కాలిన వాయువు కూలెంట్లోకి దూరుతుంది, అందులోని కార్బన్ డయాక్సైడ్ తగిలి నీలం పసుపుగా మారుతుంది. నేను ఊపిరి బిగపట్టి చూస్తున్నాను. ఒక నిమిషం. రెండు. బుడగలు వస్తూనే ఉన్నాయి. ఒకసారి పసుపుగా మారినట్టు అనిపించి "అన్నా, అన్నా!" అన్నాను. ఆయన గొట్టం వెనక తెల్ల కాగితం అడ్డం పెట్టాడు. నీలమే. షెడ్డు గోడ పసుపు రంగు గాజులోంచి కనిపించిందంతే. పెద్దాయన ఫక్కున నవ్వారు.

కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్లో ఎంత ఒత్తిడి పుడుతోందో కూడా చూశాడు. నాలుగు సిలిండర్లకీ 12, 12, 11.5, 12 బార్లు వచ్చింది. ఇక్కడ అంకె ఎంతన్నదానికంటే నాలుగింటి మధ్యా తేడా ఎంతన్నదే ముఖ్యం. ఒక సిలిండరు మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే రింగులో, వాల్వులో, గ్యాస్కెట్టో, ఏదో ఒకటి దొంగాట ఆడుతున్నట్టు.

ఒక్కచోట మాత్రం బండి మాటా పెద్దాయన మాటా కలవనట్టు అనిపించింది. స్టీరింగు కింద సాకెట్లో స్కానర్ పెడితే ఎర్రర్ కోడ్ ఒక్కటీ లేదు. నేను సంతోషించేలోపే అన్న ఇంకో స్క్రీను తెరిచాడు. బండి తన సెన్సర్లనీ, పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్నీ తనే పరీక్షించుకుంటూ ఉంటుంది, ఏయే పరీక్షలు పూర్తయ్యాయో అందులో ఉంటుంది. సగానికి పైగా పూర్తి కాలేదని చూపిస్తోంది. అంటే ఈమధ్యే ఎవరో మెమరీ తుడిచేశారు. అమ్మేముందు ఇంజిను లైటు ఆర్పడానికి చేసే పాత ఎత్తు ఇదే. నాకు టెన్షన్ మొదలైంది. అడిగితే పెద్దాయనకి ఏమీ అర్థం కాలేదు, "నేనేం తుడవలేదు బాబూ" అన్నారు. కాసేపటికి ఫైలు తీసి ఒక బిల్లు చూపించారు. పది రోజుల కిందట బ్యాటరీ మార్పించారు. చాలా బండ్లలో బ్యాటరీ తీసినా మెమరీ అలాగే చెరిగిపోతుంది.

బిల్లు చూశాక కూడా అన్న సరే అనలేదు. "వారం రోజులు మామూలుగా వాడండి సార్, మళ్లీ చూస్తాం" అన్నాడు. ఆ వారం నాకు నిద్ర లేదు, ఈలోగా ఎవరైనా కొనేస్తారేమోనని. వారం తర్వాత పెడితే పరీక్షలన్నీ పూర్తయినట్టు చూపించింది, కోడ్ ఒక్కటీ లేదు. ఇంకో చిన్న విషయం, తాళం తిప్పగానే ఇంజిను లైటూ ఎయిర్‌బ్యాగ్ లైటూ వెలగాలి, తర్వాత ఆరిపోవాలి. అసలే వెలగకపోతే బల్బు పీకేశారేమో చూసుకోవాలి. ఇక్కడ వెలిగి ఆరాయి.

లిఫ్టు మీద ఎక్కించాక లోపాలు బయటపడ్డాయి. ముందు ఎడమ చక్రం వైపు యాక్సిల్ జాయింటుని కప్పి ఉంచే రబ్బరు బూటు చీలి గ్రీజు చిమ్మింది. ఒక షాకప్ తడిసి ఉంది. ముందు టైర్లు లోపలి అంచున అరిగి, బయట బాగా కనిపిస్తున్నాయి. నిలబడి చూస్తే అది తెలియదు, చెయ్యి లోపలికి పోనిచ్చి తడమాలి. అలా అరిగిందంటే చాలాసార్లు అలైన్‌మెంటు పోయినట్టే. తలుపుల కింద ఉండే సిల్స్ అడుగున స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ పోతే అంతటా ఖంగుమంది, ఒక్కచోట మాత్రం చప్పగా మోగింది. అక్కడ అరచేతిలో సగం మేర తుప్పు, ఇంకా చిల్లు పడలేదు. అన్నిటికంటే పెద్దది టైమింగ్ బెల్టు, ఈ ఇంజినులో టైమింగ్ చెయిన్ పని చేసే రబ్బరు పట్టీ. ఫైలంతా వెతికినా మార్చిన బిల్లు లేదు. "అది మార్చాలని ఎవరూ చెప్పలేదే" అన్నారు పెద్దాయన. ఆ బెల్టుకి కిలోమీటర్ల లెక్కతోపాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది, పన్నెండేళ్ల రబ్బరు ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. ఈ ఇంజిను రకంలో బెల్టు తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకి గుద్దుకుంటాయి.

నాకు విచిత్రంగా ఈ జాబితా చూశాకే ధైర్యం వచ్చింది. నేను ఏం కొంటున్నానో తెలుస్తోంది. ఒక్కోదానికీ ఎంతవుతుందో అన్న కాగితం మీద రాశాడు, ఆ కాగితమే పెద్దాయన ముందు పెట్టాను. బెల్టూ, టైర్లూ, బూటూ ఆయన ఖాతాలో తగ్గించుకున్నారు. షాకప్‌లు, తుప్పు పని నా నెత్తిన వేసుకున్నాను.

టెస్ట్ డ్రైవ్ లిఫ్టు కంటే ముందే అయిపోయింది, కానీ దాని గురించి చివర్లో చెప్పాలని ఆపాను. నేను నడిపాను, అన్న పక్కన, పెద్దాయన వెనక సీట్లో. పాటలు ఆపేసి, అద్దాలు దించి, ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా ఒకవైపు తిప్పి గుండ్రంగా తిరిగాం, తర్వాత రెండోవైపు. యాక్సిల్ జాయింటు అరిగితే టకటకమని కొట్టుకుంటుంది, కొట్టుకోలేదు. అంటే బూటు చీలింది ఈమధ్యే. ఇంజిను ఆపి బ్రేకు నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగింది, దిగాలి కూడా. రోడ్డు ఖాళీగా ఉన్నచోట 60లో స్టీరింగు మీద చేతులు తేలిగ్గా ఉంచి బ్రేకు వేస్తే తిన్నగానే ఆగింది. టాప్ గేర్లో 50 మీద ఒక్కసారిగా ఎక్సలేటర్ తొక్కాను. క్లచ్ జారుతుంటే ఇంజిను అరుస్తుంది గానీ బండి అందుకోదు. ఇది మెల్లగానైనా అందుకుంది. వెనకనుంచి పెద్దాయన కథలు చెబుతూనే ఉన్నారు, ఈ కారులో ఎవరెవరి పెళ్లిళ్లకి వెళ్లారో, ఏ వానలో ఎక్కడ ఆగారో. ఆపమనడానికి నాకు నోరు రాలేదు.

కొన్న రెండో ఆదివారం అమ్మని ఎక్కించుకుని బయల్దేరాను. అమ్మకి ముందు సీటు పడదు, వెనక కూర్చుంటుంది. ఊరు దాటి 70 అందుకున్నానో లేదో, "వెనక ఏదో బొంగరం తిరుగుతున్నట్టు రొద వస్తోందిరా" అంది. నాకేం వినపడలేదు. పక్కకి ఆపి, తమ్ముడిని నడపమని నేను వెనక్కి వెళ్లి కూర్చున్నాను. వినిపించింది. స్పీడుతోపాటు పెరుగుతూ, కుడివైపు నుంచి, సన్నటి గూంమనే మోత. నెలరోజులు తిరిగి ఇన్ని కార్లు తలకిందులుగా చూశాం గానీ, ఇద్దరిలో ఒక్కరం కూడా కదులుతున్న బండిలో వెనక సీట్లో కూర్చోలేదు. అక్కడ కూర్చున్న ఒక్కాయన మాట్లాడుతున్నాడు. పన్నెండేళ్లూ తనే నడిపాడు కాబట్టి ఆయనకీ అది తెలిసుండదు.

మర్నాడు అన్న వెనక కుడి చక్రం జాక్ మీద లేపి చేత్తో తిప్పాడు. స్ప్రింగు మీద ఇంకో చెయ్యి ఆనించి, నా చెయ్యి కూడా తీసుకెళ్లి అక్కడే పెట్టాడు. వేళ్లకి గరగరమని తగిలింది.

"బేరింగు" అన్నాడు. "ఈసారి కారు చూడ్డానికి వెళ్లేటప్పుడు అమ్మగారిని తీసుకురా."